నలభయ్యో నాటి శోర్పో

"ఆ కుండ దించు" అన్నది సీతారావమ్మ, రెండవసారి.

పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి ముందు కూర్చున్న కోడలు తల ఎత్తలేదు. నీటిమీద తేలుతున్న నురుగును గరిటెతో మెల్లగా అంచుకు తోసి, తీసి, పక్కనున్న మూకుడులో వేసింది.

"దించ, అత్తమ్మా."

"ఇంట్లో దీక్ష నడుస్తోంది చినారా. శ్రీరామనవమి ఇక రెండు రోజుల్లోకి వచ్చింది. ముప్పై తొమ్మిది రోజులుగా ఈ గడపలో ఉల్లిపాయ తరగలేదు. నువ్వేమో మాంసం ఉడకేస్తున్నావు."

"గడపల పెట్టలే. పెరట్ల పెట్టిన."

"వాసనకు గడప అడ్డమా?"

"అడ్డం కాదు. అందుకే పెట్టిన. మా అమ్మకు ముట్టేది గా వాసననే."

సీతారావమ్మ వెనుదిరిగి పూజగది కిటికీ వైపు చూచింది. లోపల గంట మోగుతున్నది. భర్త వెంకటనారాయణ గారు ఉదయపూజలో ఉన్నారు. పూజ ముగిసి నైవేద్యం పెట్టేదాకా ఆయనకు మౌనం. అది ముగియడానికి అరగంట పడుతుంది. ఆ అరగంటలో ఈ కుండ దిగాలి, ఈ నిప్పు ఆరాలి, ఈ పెరడు కడిగి ముగ్గు పడాలి. ఆమె మనసు నిండా ఆ లెక్కే ఉన్నది.

కోడలి మనసులో వేరొక లెక్క ఉన్నది. నిన్న సాయంకాలం హాలులోని ఫోను మోగింది. కిర్గిజ్ దేశం నుంచి ఆమె తమ్ముడు బకీత్. ఎప్పుడూ బావగారి సెల్లుకే చేసేవాడు; అక్కకు వేరే సెల్లు లేదు. ఆ సెల్లు అందకపోవడంతో ఇంటి నంబరు తిప్పాడు. కుశలప్రశ్నలు కూడా లేకుండా అడిగాడు: "అక్కా, రేపు అమ్మ నలభయ్యో రోజు. అక్కడ నువ్వు శోర్పో పెడుతున్నావు కదా?"

తల్లి మరణించిన సంగతి చినారకు ఆ ప్రశ్నతో తెలిసింది.

భర్తకు మొదటి రోజే తెలుసునన్న సంగతి ఆ తరువాత మరి రెండు మాటలతో తెలిసింది.

తెల్లవారగానే ఆటో ఎక్కి ఏన్కూరు వెళ్ళింది. ముల్లా కోసిన పొట్టేలు మాంసం రెండు కిలోలు తెచ్చింది. ఎవరినీ అనుమతి అడగలేదు. ఎవరినీ తిట్టలేదు కూడా. ఆ తిట్టకపోవడమే సీతారావమ్మను ఎక్కువగా భయపెడుతున్నది.

"కన్నమ్మ వాళ్ళ గూడెంలో వండుకో. నేనే బండి కట్టిస్తాను" అన్నది ఆమె, కట్టెలు విరుస్తున్న కూలి ముసలిదాన్ని చూపి, గొంతు తగ్గించి. "ఉప్పు, ఉల్లి, అన్నీ పంపిస్తాను. ఈ రెండు రోజులు దాటాక ఇక్కడే మళ్ళీ చేసుకుందువు."

"నలభయ్యో రోజు ఇయ్యాలనే అత్తమ్మా. ఎల్లుండి నలభై రెండోది."

"రెండు రోజులకు ఏమవుతుంది?"

"మామయ్య నవమిని దశమి నాడు చేస్తరా?"

సీతారావమ్మ కిటికీ వైపు మరొకసారి చూచింది. నలభై యేళ్ళ క్రితం కృష్ణా తీరం నుంచి వలస వచ్చి ఈ అడవి అంచున పొగాకు, పత్తి, మిరప పండించిన కుటుంబం అది. ఆ ఇంటి తెలుగు వేరు. మూడేళ్ళుగా మిరప కళ్ళంలో కూలి ఆడవాళ్ళ నడుమ కూర్చుని కోడలు నేర్చుకున్న తెలుగు వేరు. ఆ భాషలో వాదం పెట్టుకుంటే అత్తగారికి ఎప్పుడూ ఓటమే.

"నీకొక్కదానికే జరిగినట్టు మాట్లాడకు" అన్నది చివరకు. "దివిసీమలో మా అమ్మ పోయినప్పుడు ఈ ఇంట్లో మా ఆడపడుచు పెళ్ళి. పెళ్ళయి, పదహారు రోజుల పండుగ కూడా అయ్యాక నాకు చెప్పారు. ఏడ్చాను. స్నానం చేశాను. వంట చేశాను. ఇట్లా పెరట్లో కుండ పెట్టి ఊరంతా చాటలేదు."

చినార మొదటిసారి తల ఎత్తింది.

"ఎందుకు చాటలే, అత్తమ్మా?"

వెటకారం లేదు ఆ గొంతులో. నిజంగానే తెలుసుకోగోరి అడిగింది.

ముప్పై నాలుగేళ్ళలో ఆ ప్రశ్న సీతారావమ్మను ఎవరూ అడగలేదు. ఆమె కూడా తనను తాను అడగలేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఒక నిమిషం నిలుచున్నది. పిమ్మట వంటింట్లోకి నడిచింది.

తలుపు మూసుకున్న చప్పుడు వినిపించలేదు.

*

పోయినవారి పేర నలభయ్యో రోజున పెట్టేదే అయినా శోర్పో గొప్ప వంటకమేమీ కాదు. మాంసం, నీళ్ళు, ఉప్పు. దించబోయే ముందు ఉల్లి. మిగిలినదంతా ఓపిక. నీరు తెర్లకూడదు, కదలాలి. మూత వేయకూడదు. పైకి వచ్చిన నురుగు తీసినకొద్దీ అడుగున రసం తేటపడుతుంది.

కన్నమ్మ కట్టెలు విరిచి పక్కన పేర్చింది. గూడెం నుంచి ఇరవై యేళ్ళుగా ఈ ఇంటి కళ్ళానికి వస్తున్న ముసలిది. కుండలోకి తొంగిచూచి పెదవి విరిచింది.

"కళ్ళం నిండ మిరపకాయలు పోసుకోని గీ తెల్లనీళ్ళ కూర ఏంది చిన్నారమ్మా? దవాఖానాల పడ్డోళ్ళకు పోసేటట్టున్నది."

"మీ మిరపకాయ ఏస్తే సచ్చినోళ్ళు లేసి ఉరుకుతరు, కన్నమ్మా."

"ఉరికితే మంచిదే గద బిడ్డా. నీ తాన్కి ఉరికొస్తది మీ అమ్మ."

చినార నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. కన్నమ్మ అది చూచి, మరొక పిడక విరిచి నిప్పులో పెట్టింది.

ఆ పిడక పొగ ముఖానికి తగలగానే చినారకు చేతిలోని గరిటె బరువు మారినట్లయింది.

నరీన్ కొండల మీది వేసవి బీడు. చెట్టులేని చోటు, వంటచెరకు అంటే ఎండిన పేడే. ఉన్ని గుడారం ముందు నల్లని ఇనుప కాగు. మంచుకొండ మీదుగా వచ్చే గాలి పొగను ఒకసారి ఇటు, ఒకసారి అటు తోస్తుంటే, అమ్మ ఎప్పుడూ కాగుకు పక్కవాటుగా నిలబడేది. తలగుడ్డ అంచు పంటికింద పట్టుకునేది. ఎడమచేయి నడుముమీద, కుడిచేయి గరిటెమీద. తొందరపడి దగ్గరికి వచ్చిన పిల్లలకు ఒకటే మాట: "ఇంకా తేటపడలేదు."

పదిహేడేళ్ళప్పుడు నర్సు చదువుకు రాజధానికి బయలుదేరిన వేకువన అమ్మ శోర్పో పెట్టింది. బస్సువాడు హారను మోగిస్తున్నా గిన్నె ఖాళీ అయ్యేదాకా పెట్టె చేతికివ్వలేదు. అక్కడి ఆస్పత్రిలోనే డాక్టరు చదువుకు వచ్చిన ఉదయ్ భాస్కర్ పరిచయమయ్యాడు. పెళ్ళికి అమ్మ ఒక పగలంతా బస్సులో ప్రయాణం చేసి వచ్చింది. ఒడిలో ఉన్నిగుడ్డ చుట్టిన డబ్బా, డబ్బాలో శోర్పో. అల్లుణ్ణి కులం అడగలేదు, మతం అడగలేదు, ఆస్తి అడగలేదు.

"ఈ పిల్లవాడి దేశంలో గొర్రెలుంటాయా?" అన్నది.

"మా అడవి అంచున మందలకు మందలు ఉంటాయి" అన్నాడు ఉదయ్.

"అయితే బతుకుతుంది."

అంతే. ఆ మాటతోనే కూతుర్ని పంపింది.

ఇప్పుడు కుండలో అదే వాసన లేచింది. చింతపండు, ఇంగువ, ఆవాల వాసనలకు మూడేళ్ళుగా అలవాటుపడిన ముక్కు ఒక్కసారి దారి మరచి ఇంటికి పోయింది. చినార కన్నీరు తుడుచుకోలేదు. చేతులకు కొవ్వు అంటి ఉన్నది. అదీగాక, నురుగు తీసేటప్పుడు చూపు తిప్పకూడదు.

"ఏడువ్ బిడ్డా, ఏం కాదు" అన్నది కన్నమ్మ.

"రేపు ఏడుస్త. ఇయ్యాల పనున్నది."

*

ఉదయ్ భాస్కర్ అప్పటిదాకా నూతి గట్టు మీద కూర్చునే ఉన్నాడు. ఆ రోజు ఏన్కూరులోని తన క్లినిక్కుకు వెళ్ళలేదు. లేచి వచ్చి, పొయ్యికి నాలుగడుగుల దూరంలో ఆగాడు. రష్యన్‌లో ఏదో అన్నాడు. ఆ ఇంట్లో వారిద్దరికీ తప్ప ఎవరికీ తెలియని ఆ భాషలోనే మూడేళ్ళుగా వారి తగవులు, రాజీలు జరిగేవి.

"తెలుగుల చెప్పు" అన్నది చినార. "అందరు ఇననీ."

"చిన్నా, లోపలికి రా. మాట్లాడుకుందాం."

"ఈడనే మాట్లాడు."

"నీతో చెప్పకూడదని కాదు. ఈ నవమి దాటగానే చెబుదామనే అనుకున్నాను. నాన్న నలభై ఒక్క రోజుల దీక్షలో ఉన్నారు. మధ్యలో మైల అంటే అంతా చెడిపోతుంది. ఆయన ఎన్నేళ్ళుగా అనుకున్న దీక్ష అది, నీకూ తెలుసు."

"తెలుసు."

"అయితే మరి?"

"అమ్మ సంగతి నేను నిన్ను ఎన్నిసార్లు అడిగిన?"

అతడు నూతి వైపు చూచాడు.

"ఐదు ఆదివారాలు. మొదటి ఆదివారం మంచు పడి లైను తెగిందన్నవ్. సరే అన్న. రెండో ఆదివారం అమ్మతో మాట్లాడిన, దగ్గు తగ్గిందంట అన్నవ్. మూడో ఆదివారం నన్ను ఎండల తిరగొద్దన్నదంట. నేను కళ్ళంల నెత్తిమీద తువ్వాల ఏసుకోని తిరిగిన, మా అమ్మ చెప్పిందని. కన్నమ్మ నవ్వింది కూడ. అవునా, కన్నమ్మా?"

కన్నమ్మ చేతిలోని కట్టె విరగకుండా ఆగిపోయింది. "అవ్ బిడ్డా" అన్నది నేల చూస్తూ.

"నాలుగో ఆదివారం ఆమె నాకు దీవెనలు చెప్పిందన్నవ్. పోయిన ఆదివారం ఏం చెప్పినవ్? ఆవు ఈనిందని చెప్పినవ్. ఆడదూడంట. దానికి నా పేరు పెట్టుకున్నదంట."

"నువ్వు దిగులుపడుతున్నావని..."

"నువ్వు దాచినందుకు కాదు నా కోపం. దాచుడు ఒక తప్పు. నువ్వు సచ్చిపోయిన మనిషి నోట్ల మాటలు పెట్టినవ్. ఆమె మట్టిల ఉన్నది, నువ్వు ఆమె తోని దూడకు పేరు పెట్టిచ్చినవ్."

ఉదయ్ ఏదో అనబోయాడు. అదే సమయంలో పూజగదిలో గంట ఆగింది.

పెరట్లో అందరికీ ఆ ఆగిన చప్పుడే పెద్దగా వినిపించింది.

*

వెంకటనారాయణ గారు దీక్షావస్త్రాలతో, మెడలో తులసిమాలతో పెరటి గుమ్మంలో నిలిచారు. ఆయన వెనుక సీతారావమ్మ.

"స్వామీ, మీరు లోపలికి వెళ్ళండి. ఇక్కడేమీ లేదు" అన్నది ఆమె. మాల వేసినప్పటి నుంచి భార్య సైతం ఆయనను అట్లాగే పిలుస్తున్నది. ఇంట్లో, కళ్ళంలో, ఊరిలో ఆయనకు అదే పేరు.

"మామయ్యా" అన్నది చినార.

నలభై రోజులకు ఒకరోజు తక్కువగా ఎవరూ పిలవని పిలుపు అది. ఆయన ఒక మెట్టు దిగారు.

"ఎవరు పోయారు?"

ఉదయ్ ముందుకు వచ్చాడు. "నాన్నా, నేను చెప్తాను."

"నువ్వు ఆగు. అమ్మాయీ, నువ్వు చెప్పు."

"మా అమ్మ."

"ఎప్పుడు?"

"ఇయ్యాల్టికి నలభై రోజులు."

"పోయిన రోజును కలుపుకొనా?"

"కలుపుకొనే. మా దిక్కు గట్లనే లెక్క పెడతరు."

"మా దిక్కూ అంతే."

ఆయన కుడిచేతి బొటనవేలు కణుపుల మీద ఒకసారి తిరిగి వచ్చింది. మళ్ళీ తిరిగింది.

"నాకివాళ ముప్పై తొమ్మిది" అన్నారు. కొడుకు వైపు తిరిగారు. "కబురు నీకెప్పుడు వచ్చింది?"

"ఆ రోజే."

"ఏ వేళకు?"

"మధ్యాహ్నం."

"మర్నాడు తెల్లవారుజామున పర్ణశాలలో నా మెడలో మాల పడింది. కారు నడిపినవాడివి నువ్వు. గోదావరిలో మునిగి లేచినప్పుడు నా చేయి పట్టుకున్నవాడివి నువ్వు."

ఉదయ్ తల వంచుకున్నాడు.

"దీక్ష మధ్యలో చెడుతుందని దాచానని కదా ఇందాక చెబుతున్నావు? నాకు లోపలికి సగం సగం వినిపించింది. నోటికి మౌనం గాని చెవులకు కాదు. మధ్య ఎక్కడిదిరా? అది ఇంకా మొదలే కాలేదు."

"నాన్నా..."

"పెళ్ళయిన ఆడపిల్లకు తల్లి పోతే మూడు రోజులు మైల. ఆ మూడు రోజులూ ఆగి, నాలుగో రోజున మాల వేసుకునేవాణ్ణి. భద్రాద్రి రాముడు మూడు రోజుల్లో ఎక్కడికీ వెళ్ళడు. తెలియనివాడికి దోషం లేదంటుంది శాస్త్రం. కాని తెలిసినవాడి మాటేమిటి?"

సీతారావమ్మ గుమ్మం పట్టుకుని ముందుకు వచ్చింది.

"నాకు పదో రోజున చెప్పాడు స్వామీ. నేనూ నోరు మూసుకున్నాను. వాడొక్కణ్ణే అనకండి."

వెంకటనారాయణ గారు భార్యను చూచారు. చాలాసేపు చూచారు. ఆమె కూడా కళ్ళు దించలేదు.

"సరే" అన్నారు కొడుకుతో. "దీక్ష కోసం కాదు. మరి ఎందుకు దాచావు?"

పొయ్యిలో పిడక ఒకటి విరిగి నిప్పురవ్వ ఎగిరింది. ఉదయ్ దాని వైపే చూస్తూ అన్నాడు:

"పోయిన కార్తీకంలో మా ఇద్దరికీ మాట వచ్చి పెట్టె సర్దుకుంది. నేను బతిమాలి ఆపాను. మళ్ళీ నాలుగు నెలలు గడవకముందే ఈ కబురు. చెబితే ఆ రోజే బయలుదేరేది. వెళితే తిరిగి రాదని..."

చినార గరిటె కుండ అంచుకు ఆనించింది. అతణ్ణి పైనుంచి కిందికి చూచింది.

"అయితే నువ్వు దేవునికి భయపడలే. మామయ్యకు భయపడలే. నా కాళ్ళకు భయపడ్డవ్."

"అవును."

"గా మాట నిన్న సాయంత్రం చెప్పినా నేను నీ దిక్కు చూసేదాన్ని. రాత్రంత దీక్ష, దీక్ష అన్నవ్. మామయ్య దీక్షను అడ్డం పెట్టుకోని దాక్కున్నవ్."

*

వెంకటనారాయణ గారు మిగిలిన రెండు మెట్లూ దిగారు.

"స్వామీ, మాల ఉంది మెడలో" అన్నది సీతారావమ్మ, గాభరాగా. "అటు మాంసం ఉడుకుతోంది."

"మాల ఉంటుంది. నవమి నాడు దీన్ని తీసి రాముడి ముందు పెట్టేటప్పుడు ఏం చెప్పుకోవాలో నేను చెప్పుకుంటాను." ఆయన గొంతు పెంచలేదు. "ఆ స్వామికి మాత్రం తండ్రి పోయిన కబురు ఎప్పుడు తెలిసింది? అడవిలో, అన్నీ అయిపోయాక తెలిసింది. తెలిసిన రోజున ఏం పెట్టాడు? అయోధ్య నుంచి నేతి వంటలు తెప్పించాడా? అడవిలో తాను ఏది తింటున్నాడో అదే పెట్టాడు. ఈ పిల్ల చేస్తున్నది అంతకంటే వేరైతే ఎవరైనా నాకు చెప్పండి."

కన్నమ్మ కట్టెల మోపు పక్కకు జరిపి చోటు చేసింది.

"ఈ కార్యానికి పెద్దవాళ్ళు ఎవరైనా ఉండాలా, అమ్మాయీ?"

"ఉండాలె. పెద్దోళ్ళు అరచేతులు తెరిచి దీవెన చెప్తరు. గప్పుడే గిన్నెలు ముట్టాలె. ఈడ నాకెవ్వరు లేరని కన్నమ్మను అడిగిన."

"నేను ముందే చెప్పిన గద" అన్నది కన్నమ్మ. "చేతులు చాపుడు వస్తది, మాట్లాడుడు రాదని."

ఆయన పొయ్యికి ఎదురుగా చాప మీద కూర్చున్నారు. "నేను తినను. కూర్చుంటాను. చాలునా?"

"చాలు, మామయ్యా."

"మీ అమ్మ పేరేమిటి?"

చినార చేయి నిలిచిపోయింది. మూడేళ్ళలో ఆ ఇంట్లో ఆ ప్రశ్న పుట్టలేదు. వియ్యపురాలు, వాళ్ళమ్మ, ఆ ఫోను మనిషి. ఈ మాటలతోనే సరిపోయింది.

"బురుల్."

"ఆమె తండ్రి?"

"తోక్తోసున్."

"ఆయన తండ్రి?" తర్పణంలో మూడు తరాలు చెప్పుకునే అలవాటుతో అడిగారాయన, విదేశపు పిల్ల అక్కడ ఆగుతుందనుకున్నారు.

చినార ఆగలేదు. వెన్ను నిటారుగా చేసుకుని, పొయ్యి సెగ వైపు చూస్తూ చెప్పింది.

"తోక్తోసున్ నాయన మంబెత్. మంబెత్ నాయన ఎసెన్. ఎసెన్ నాయన బోరుబై. బోరుబై నాయన కాడిర్. కాడిర్ నాయన సువన్. సువన్ నాయన తినీ." ఊపిరి తీసుకుంది. "ఏడుగురు. మా దిక్కు ఏడుగురి పేర్లు తెల్వనోళ్ళను మనిషి కింద లెక్కపెట్టరు. నాయన దిక్కు ఏడుగురిని అందరికి నేర్పుతరు. అమ్మ దిక్కు ఏడుగురిని నేనే అడిగి నేర్చుకున్న."

వెంకటనారాయణ గారు కొంతసేపు కళ్ళు మూసుకున్నారు. తెరిచి, కొడుకును అడిగారు.

"మీ అమ్మ తండ్రి పేరు చెప్పు."

"పిచ్చయ్య తాతయ్య."

"ఆయన తండ్రి?"

ఉదయ్ తల్లి వైపు చూచాడు. సీతారావమ్మ అందించలేదు. ఆమెకూ వినాలని ఉన్నదని, ఆ ముఖం చూస్తే తెలుస్తున్నది. అప్పుడు ఆమె వంటింట్లోకి వెళ్ళింది.

వచ్చినప్పుడు ఆమె చేతిలో ఐదు గిన్నెలున్నాయి. పండుగలకు తప్ప వాడని కంచు గిన్నెలు; పుట్టింటి నుంచి తెచ్చుకున్నవి.

"అమ్మా, అవి వంటింటివి" అన్నాడు ఉదయ్.

"మా అమ్మవి" అన్నది సీతారావమ్మ. కోడలి పక్కన కూర్చుని, గిన్నెలు వరుసగా పేర్చింది. "మా తాతయ్య పేరు సుబ్బన్న. ఆయన తండ్రి రామన్న. అవతల నాకూ తెలియదు. ఉల్లిపాయ ఇటు ఇవ్వు, నేను తరుగుతాను."

*

శోర్పో తేటపడింది. అడుగున ఉన్న ముక్క ఎముక వరకు కనిపిస్తున్నది.

చినార మొదటి గిన్నె మామగారి ముందు పెట్టింది. ఆయన ముట్టుకోలేదు, ఆవిరి ముఖానికి తగిలినప్పుడు వెనక్కి జరగలేదు. రెండవది అత్తగారికి, మూడవది కన్నమ్మకు. నాలుగవది తనకు.

ఐదవ గిన్నె నింపి ఉదయ్ ముందు పెట్టింది. అతడు కూర్చున్నాడు. చేయి చాచాడు. ఆమె తన అరచేతిని ఆ గిన్నె మీదనే ఉంచింది.

"తింటవ్. నువ్వు ఆమె అల్లునివి, నీ పాలు నీకున్నది. కానీ ముందుగాల చెప్పాలె. నాకు కాదు. మా అమ్మకు. ఐదు ఆదివారాలు ఆమె పేరు మీద ఏమేం చెప్పినవో ఒక్కొక్కటి చెప్పి, గా మాటలు నావి, నీవి కావు అని ఆమెకు చెప్పు. దగ్గు మాట. ఎండ మాట. దీవెన మాట. దూడ మాట. గప్పుడు మామయ్య దీవెన చెప్తరు. గప్పుడే అందరం తింటం."

"ఏ భాషలో చెప్పను?" అన్నాడు ఉదయ్.

"నువ్వు ఏ భాషల అబద్ధం చెప్పినవో గా భాషల."

సీతారావమ్మ కోడలి మోచేతిని తాకింది. "చెప్పలేకపోతే?"

"శోర్పో మీద కొవ్వు తెల్లగ పేరేదాంక కూసుంట అత్తమ్మా. గప్పటికి చెప్పకపోతే గిన్నె పారబోసి లేస్త. లేచినంక నేను ఈ ఇంటిదాన్ని కాదు, నన్ను ఎవ్వరు పేరు పెట్టి పిలవొద్దు."

ఆమె గిన్నె మీది చేయి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

వెంకటనారాయణ గారు రెండు అరచేతులూ ఆకాశానికి తెరిచారు. ఆ దేశపు దీవెన ఆయనకు రాదు. తనకు వచ్చినదేదో చెప్పడానికి సిద్ధపడి, కొడుకు వైపు చూస్తూ ఆగారు.

ఉదయ్ భాస్కర్ పెదవులు విడివడ్డాయి. మూసుకున్నాయి.

అతని గిన్నె అంచున రసం మీద సన్నని తెల్లగీత ఒకటి ఏర్పడింది. తండ్రి చేతులు తెరిచే ఉన్నాయి.